ముప్పై చదరపు కిలోమీటర్ల పరదేశం

కాకినాడ నుంచి తాళ్లరేవు మీదుగా దక్షిణానికి వెళ్తుంటే, యానాం వచ్చిందని చెప్పడానికి ఏ బోర్డూ అక్కర్లేదు. పెట్రోలు బంకుల దగ్గర బళ్ల బారు చూస్తేనే తెలిసిపోతుంది. వాటిలో చాలావాటి నంబరు ఏపీతో మొదలవుతుంది. అక్కడ పన్ను తక్కువ గనక ట్యాంకు నింపుకుపోదామని వచ్చినవాళ్లు వాళ్లంతా. బంకు దాటితే బ్రాందీ షాపులు. అవి దాటితే ఎర్ర టోపీ కానిస్టేబులు. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి డెబ్బై ఏళ్లు దాటినా పుదుచ్చేరి పోలీసు నెత్తి మీంచి ఆ టోపీ దిగలేదు. ఊరి బళ్లకి పీవై 04 అని ఉంటుంది. మాట మాత్రం అచ్చం గోదావరి మాటే, అదే సాగతీత. ఫోను కోడు కూడా కాకినాడదే, 0884. రాజధాని పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల పైన, తమిళదేశంలో.

ఇలాంటి ఊళ్లో చరిత్ర ఫలకాలు ఏం చెబుతాయో చూద్దామని నాకు ఎప్పట్నుంచో ఒక యావ.

చరిత్ర ఫలకం అంటే మనకి అలవాటైంది ఒక్కటే, పురావస్తు శాఖ వారి నీలం బోర్డు. అది చరిత్ర చెప్పదు, శిక్ష చెబుతుంది. 1958 చట్టం కింద ఇది రక్షిత కట్టడం, పాడుచేస్తే ఇంత జైలు, ఇంత జరిమానా. 2010 సవరణ తర్వాత అది రెండేళ్లకీ లక్ష రూపాయలకీ పెరిగింది. కట్టించిందెవరో, ఎందుకు కట్టించాడో తెలుసుకోవాలంటే బోర్డు పక్కన పల్లీలమ్మే అతన్ని అడగాలి. మన పెద్దవాళ్ల అలవాట్లు ఇంతకంటే నయం. పశువుల మంద కోసం పోరాడి చచ్చినవాడికి వీరగల్లు నిలబెట్టారు. ఊరి నడుమ బొడ్రాయి పాతారు. పొలిమేరలో అమ్మవారిని పెట్టారు. ఊళ్లోకి జబ్బొస్తే ఆవిడకి జాతర చేసి, ఆ జబ్బుని పొలిమేర దాటించి సాగనంపేవారు. దాటించాక అవతలి ఊరి గతేమిటని ఎవరూ అడిగినట్టు లేదు. యానాం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ అడగనితనం చుట్టూ తిరిగేదే.

ముందు ఆ ఊరు అక్కడ ఎలా మిగిలిందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఫ్రెంచి కంపెనీ 1723లో బట్టల వ్యాపారం కోసం ఇక్కడ కొట్టు పెట్టింది. గిట్టుబాటు కాక 1727లో ఎత్తేసింది. 1731లో మళ్లీ వచ్చింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ నుంచి ఉత్తర సర్కార్లు చేతికొచ్చాక ఫ్రెంచి సేనాని బుస్సీ దొర కోస్తా అంతటికీ రాజైనంత పని చేశాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట బూడిదైంది ఆ దర్జాలోనే. మరుసటి ఏడాది డిసెంబరులో పిఠాపురం పక్కన చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడిపోయింది, ఆ తర్వాతి ఏప్రిల్లో మచిలీపట్నం పోయింది. కోస్తా మొత్తం మీద వాళ్లకి దక్కింది మచిలీపట్నంలో ఫరాసుపేట లాంటి ముక్క, గోదావరి ఒడ్డున ఈ యానాం. ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు దీన్ని పుచ్చుకోవడం, సంధి కుదిరినప్పుడల్లా తిరిగిచ్చేయడం. 1817లో తిరిగిచ్చింది ఆఖరుసారి. మొత్తం ముప్పై చదరపు కిలోమీటర్లు. ఇంత చిన్న ఊరిని ఎవరికి వాళ్లు, ఉంటే ఉంది పొమ్మనుకున్నారు.

అక్కడ ఇప్పుడు చూడ్డానికి ఏమున్నాయంటే, చాలా ఉన్నాయి. ఈఫిల్ టవరుని తలపించేలా పెద్ద టవరొకటి లేపారు. గోదావరి గట్టున భరతమాత, ఏసుప్రభువు, శివలింగానికి అభిషేకం చేసే ఏనుగులు. సాయంత్రం పూట పిల్లల్ని తీసుకుని వెళ్తే బాగానే ఉంటుంది, నేను వెటకారం చెయ్యడం లేదు. టవరు దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. పారిస్ టవరు కట్టింది 1889లో. దానికీ యానానికీ ఉన్న చుట్టరికం ఏమిటి? తాతగారి ఫొటో దొరక్క సినిమా హీరో ఫొటోకి దండ వేసినట్టుంది. నిజంగా ఆ కాలానిదంటూ నిలిచినవాటిలో 1846 నాటి సెయింట్ ఆన్ చర్చి ఒకటి. మిగతావి పోవడానికి ఫ్రెంచివాళ్ల పిసినారితనం కొంత కారణం, సముద్రం చాలా కారణం. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవుని తుడిచిపెట్టినప్పుడు యానాన్నీ వదల్లేదు. 1996 నవంబరు తుపాను మా తరం కళ్లతో చూసిందే.

ఇక శిలాఫలకాల మీద, ఉపన్యాసాల్లో వినిపించేవి తేదీలు. 1954 జూన్ 13: ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసి ఉద్యమంలోకి వచ్చిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాంలో మూడు రంగుల జెండా ఎగిరింది. అదే ఏడాది అక్టోబరు 18: పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది ఓటు వేస్తే 170 మంది ఇండియాలో కలుద్దామన్నారు. నవంబరు 1: పాలన చేతులు మారింది. 1956 మే 28: ఒడంబడిక మీద సంతకాలు. 1962 ఆగస్టు 16: ఫ్రాన్సు ఆ ఒడంబడికని ఆమోదించాక చట్టప్రకారం అప్పగింత. ఇన్ని తేదీలున్నప్పుడు విమోచన దినం ఏదన్న తగువు తప్పదు. ఏళ్ల తరబడి ఆగస్టు 16న చేశారు, 2014 నుంచి నవంబరు 1న చేస్తున్నారు. ఈ తగువులో ఎవరు నెగ్గినా నాకు సంతోషమే. కానీ ఈ తేదీలన్నీ యానాం ఎవరిదైంది అన్నదానికి జవాబులు. యానాం దేనికి పనికొచ్చింది అన్న ప్రశ్న ఇంకొకటుంది. దానికి జవాబు యానాంలో దొరకదు, గోదావరికి ఇవతల దొరుకుతుంది. ఇవతల ఏ చట్టం వచ్చినా, అది వద్దన్న పని పడవెక్కి యానాం వెళ్లిపోయేది.

ఉప్పుతో మొదలుపెట్టొచ్చు. ఇంగ్లీషు కుంపిణీవాళ్లు ఉప్పు మీద గుత్త పెట్టుకున్నారు. ఫ్రెంచి కొఠీల్లో తయారయ్యే ఉప్పు ఇవతలికి దొంగతనంగా వస్తే గుత్త మాటేమిటి? అందుకని 1815లో ఒక ఒప్పందం చేసుకుని, ఆ ఉప్పంతా తామే కొనుక్కునే హక్కు రాయించుకున్నారు. దానికి ఏటా నాలుగు లక్షల సిక్కా రూపాయలు చెల్లించారు. ఇంగ్లీషువాడు ఉత్తపుణ్యానికి నాలుగు లక్షలు పోసేవాడు కాదు. పొలిమేర పక్కన కూర్చున్న పొరుగువాడి బలం ఏపాటిదో అతనికి బాగా తెలుసు.

తర్వాత మనుషులు. 1828లో ఒప్పందం కూలీలుగా రీయూనియన్ దీవికి, అప్పటి పేరు బూర్బన్, వెళ్లిన మొట్టమొదటి బృందంలో పదిహేనుమంది తెలుగువాళ్లు. ఓడెక్కింది యానాంలో. 1839లో ఇంగ్లీషు ప్రభుత్వం ఇలా కూలీల్ని ఓడెక్కించడం నిషేధించింది. తన సొంత దీవుల విషయంలో త్వరలోనే సడలించుకుంది గానీ ఫ్రెంచి దీవులకి 1860 దాకా ఒప్పుకోలేదు. ఈలోగా 1848లో రీయూనియన్‌లో అరవై వేల పైచిలుకు బానిసలకి విముక్తి వచ్చింది, చెరకు తోటలకి చేతులు కావలసొచ్చాయి. గోదావరి జిల్లా అప్పటికి అన్నపూర్ణ కాదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 దాకా పూర్తి కాలేదు. నది పక్కనే ఉన్నా కరువు తప్పని రోజులవి. ఆకలి ఇవతల ఉంది, ఓడ అవతల ఉంది, మధ్యలో మేస్త్రీ ఉన్నాడు. పొలిమేర దాటించడం అతని పని. పక్కనున్న కోరంగి వైపు నుంచి ఆ తర్వాతి రోజుల్లో మనవాళ్లు లెక్కలేనంతమంది బర్మా వెళ్లారు, అక్కడ తెలుగువాడి పేరే కోరంగి అయింది. ఆ జ్ఞాపకానికి బర్మా మిగిలింది. యానాంలో ఎక్కి ఆ దీవుల్లో దిగినవాళ్ల మునిమనవలకి ఇవాళ ఇంటిపేరు ఫ్రెంచి అక్షరాల్లో నలిగిపోయి ఉంది, వాళ్లు ఎప్పుడైనా వచ్చి మా తాత ఎక్కడ ఓడెక్కాడని అడిగితే చూపించడానికి ఏ రాయీ లేదు.

ఇప్పుడు పెళ్లిళ్లు. దీని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్లి చెయ్యకూడదు. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. తప్పితే నెల రోజుల జైలు గానీ వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ కూడా. అది బ్రిటిషిండియా చట్టం. గౌతమి అవతల ఉన్నది ఫ్రాన్సు. అక్కడేమో 1819 నుంచే ఒక మాట ఉంది: దేశస్థుల తగవులు వాళ్ల వాళ్ల కులాచారాల ప్రకారమే తీరుస్తామని. స్వేచ్ఛ, సమానత్వం అని రాసుకున్న దేశం, మీ ఆచారాల జోలికి మేం రాం అని చేతులు కట్టుకుంది. దాంతో ఇవతలి పెద్దమనుషులు లెక్క కట్టారు. జరిమానా వెయ్యి, పడవ కేవు అణాలు. ముహూర్తాల రోజుల్లో యానాం వీధుల్లో ఖాళీ అరుగు దొరికేది కాదట. ఊరికి కల్యాణపురమని పేరు పడిపోయింది. ఆ పేరు ఇవాళ్టికీ కొందరు మురిపెంగానే చెబుతారు.

మా అమ్మమ్మ పెళ్లి యానాంలోనే జరిగింది. ముమ్మిడివరం దగ్గర పల్లె వాళ్లది, ఆవిడకప్పుడు ఎనిమిదేళ్లు. నా చిన్నప్పుడు అడిగితే నవ్వుతూ చెప్పేది. "నాకేం తెలుసే, నిద్దరమొహంతో ఉన్నాను. ఎదుర్లంకలో రాత్రప్పుడు పడవెక్కించేరు. పొద్దున్న చూస్తే ఎర్ర టోపీవాడు. వాణ్ణి చూసి జడుసుకుని మా నాన్నారి వెనకాల దాక్కున్నాను. అద్దం కొనిపెడితే ఏడుపు మానేను." ఆ అద్దం కథ మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. ఫ్రెంచి అద్దమట, చుట్టూ పువ్వులట.

ఆవిడ నవ్వుతూ చెప్పని ముక్క నాకు చాలా ఆలస్యంగా, మా అమ్మ ద్వారా తెలిసింది. అదే పందిట్లో, అదే ముహూర్తానికి, ఖర్చు కలిసొస్తుందని అమ్మమ్మ చెల్లెలికి కూడా ముడి వేయించారు. ఆ పిల్లకి ఆరేళ్లు. పదకొండో ఏట ఆమెకి బొట్టు తీసేశారు. నాకు తెలిసిన చిన్నమ్మమ్మ వంటింటి గుమ్మానికి ఇవతల కూర్చుని చింతపండు ఈనెలు తీస్తుండే మనిషి. పెళ్లిళ్లకి ఎదురు రాకూడదని తనంతట తానే పెరట్లోకి వెళ్లిపోయేది. అందరూ ఆవిడ మంచితనాన్ని మెచ్చుకునేవారు.

ఇక్కడ నాకు కోపం ఫ్రెంచివాడి మీద రాదు. వాడికి ఈ పిల్లలెవరో తెలియదు. నదికి ఎగువన రాజమండ్రి ఉంది. అక్కడ కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం చేయించారు. యానాం నుంచి అది ఎంతో దూరం కాదు. ఆయన పోయిన పన్నెండేళ్లకో పదమూడేళ్లకో, ఆయన జిల్లావాళ్లే, ఆయన పుస్తకాలు ఇంట్లో పెట్టుకున్నవాళ్లే, పిల్లల్ని భుజాన వేసుకుని పడవెక్కారు. మా ముత్తాత రాట్నం వడికేవాడు, ఖద్దరు కట్టేవాడు. ఇంగ్లీషు చట్టాన్ని ధిక్కరించిన గర్వం కూడా ఆ పడవ ప్రయాణంలో కాస్త కలిసి ఉంటుందని నా అనుమానం. స్వాతంత్ర్య కాంక్ష ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు.

పెళ్లిళ్లయ్యాక సరుకులు. స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో రెండు పక్కలకీ ఉన్న సుంకాల పొత్తు తెగిపోయాక, విదేశీ గడియారాలూ పెన్నులూ సీసాలూ యానాం గుండా ఇవతలికి జారాయి. మంగళవారం సంతకి వెళ్లొచ్చినవాళ్ల చొక్కా జేబు ఎత్తుగా ఉండేదని మా ఇంట్లో వేళాకోళం. ఆ తర్వాత మందు. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో పూర్తి మద్యనిషేధం వచ్చింది. దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం పుణ్యమా అని వచ్చిన చట్టం అది. పొలిమేర అవతల యానాం ఎప్పటిలా తెరిచే ఉంది. 1997లో నిషేధం ఎత్తేసేదాకా అటు వెళ్లే బస్సుల్లో మగవాళ్లకి అకస్మాత్తుగా చుట్టరికాలు గుర్తొచ్చాయి. ఇవాళ్టి పెట్రోలు ఆ వరసలో తాజాది, అన్నిటికంటే అమాయకమైంది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మాత్రం సరిహద్దు నిజంగా సరిహద్దైంది. రోజూ అటూ ఇటూ తిరిగేవాళ్లు గేటు దగ్గర ఆగిపోయారు. ఒకే వీధిలాంటి ఊళ్ల మధ్య గేటేమిటని జనం విస్తుపోయారు. మా అమ్మ మాత్రం, అమ్మమ్మ కాలంలో ఉన్నది ఇదే కదా అంది.

ఉప్పు, కూలీలు, పసిపిల్లల పెళ్లిళ్లు, గడియారాలు, సీసాలు. ఈ చిట్టాలో యానాం వాళ్లు చేసింది తక్కువ. కొట్టు తెరిచి కూర్చున్నారు, వాకిలి అద్దెకిచ్చారు. బేరానికి వెళ్లింది మనం. అలాంటప్పుడు దీన్ని యానాం వారసత్వం అనడం ఏమంత న్యాయంగా తోచదు. ఇది కోనసీమది, కాకినాడది, పిఠాపురానిది, రాజమండ్రిది. మన ఇళ్లలో దాచుకోలేనివి వాళ్ల ఊళ్లో దాచాం. కల్యాణపురం అన్న పేరు మోసే పని కూడా వాళ్లకే వదిలేశాం.

కాబట్టి ఫలకం పెట్టాల్సొస్తే యానాంలో కాదు, ఇవతల, ఎదుర్లంక ఒడ్డున పెట్టాలని నా వాదన. 2002లో బాలయోగి వారధి వచ్చాక అక్కడ పంటు కోసం ఎదురుచూసే పని లేదు, కార్లు ఆగకుండా నదిని దాటేస్తాయి. పాత రేవు దగ్గర రాయి పాతడానికి చోటుంది. రాయవలసింది నాలుగైదు వాక్యాలకి మించదు. 1930 తర్వాత చట్టాన్ని తప్పించుకోవడానికి ఈ రేవు నుంచి మన ఊళ్లవాళ్లు తమ ఆడపిల్లల్ని అవతలికి తీసుకెళ్లి పెళ్లిళ్లు చేశారని, ఆ చట్టం ప్రకారం వయసు పద్నాలుగని, తీసుకెళ్లిన పిల్లల్లో ఆరేళ్లవాళ్లు కూడా ఉన్నారని. శిక్షల వివరం అక్కర్లేదు.

ఈ మాట మా మేనమామతో అంటే ఆయన పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. రిటైరైన రెవెన్యూ ఉద్యోగి, ముందు పరిధి గురించి మాట్లాడాడు. రోడ్డు జాతీయ రహదారులవాళ్లది, ఏటిగట్టు ఇరిగేషన్‌వాళ్లది, రేవు పంచాయతీది, పురావస్తు శాఖ అంటావా, నూరేళ్లు కూడా నిండని పెళ్లిళ్లని వాళ్లు పట్టించుకోరు. ఆ తర్వాత అసలు సంగతికొచ్చాడు. "ఊరుకోవే తల్లీ, మీ ముత్తాత పేరు చెప్పుకుని ఇప్పటికీ ఊళ్లో దణ్ణాలు పెడతారు. నలుగురూ చదివేచోట ఇవన్నీనా?" అన్నాడు. చాలాసేపు వాదించుకున్నాక కాస్త మెత్తబడి, సరే, సొంత స్థలంలో, సొంత డబ్బులతో, ఎవరి పేరూ లేకుండా పెట్టుకుంటే తనకి అభ్యంతరం లేదన్నాడు. ముత్తాత పేరు తీసేయడానికి నేను ఒప్పుకున్నాను. చిన్నమ్మమ్మ పేరు దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. ఆవిడ పేరు లేకపోతే ఆ రాయి నాకక్కర్లేదు.